ఛాతీలోకి చిన్న దారి: ఆరోగ్యవరం నుండి సికింద్రాబాదు వరకు - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పొట్టను కోసి తెరిచినప్పుడు లోపలి అవయవాలు దాదాపుగా ఉన్నచోటనే ఉంటాయి. ఛాతీ విషయం వేరు. పక్కటెముకల మధ్య ఒక్క గాటు పడి బయటి గాలి లోనికి చొరబడితే ఊపిరితిత్తి తనంతట తానే ముడుచుకుపోతుంది. తెలుగులో ఆ అవయవానికి 'తిత్తి' అన్న మాట చేర్చినవారు కమ్మరి కొలిమి దగ్గర దాని స్వభావాన్ని చూసే చేర్చి ఉంటారు. గాలి నిండితే ఉబ్బుతుంది, వదిలితే చప్పబడుతుంది. ఈ ఒక్క లక్షణం కారణంగా, మత్తుమందు వచ్చి అరవై ఏళ్లు గడిచినా శస్త్రవైద్యులు ఛాతీని తెరవడానికి జంకారు.

నేడు సికింద్రాబాదులో మినిస్టర్ రోడ్డులోని కిమ్స్, అలెగ్జాండర్ రోడ్డులోని యశోద వంటి ఆసుపత్రులలో రెండు మూడు చిన్న రంధ్రాల ద్వారానో, ఒకే రంధ్రం ద్వారానో, రోబో చేతుల ద్వారానో ఊపిరితిత్తి శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. వీటిని పత్రికలు 'అత్యాధునికం' అని పేర్కొనడం పరిపాటి. పనిముట్ల వరకు ఆ మాట నిజమే. పద్ధతి వయస్సు మాత్రం నూరేళ్లు దాటింది. పక్కటెముకల సందున గొట్టం పెట్టి లోపలికి చూడడం, రెండవ రంధ్రం ద్వారా పనిముట్టును పంపడం అన్న రెండు ఆలోచనలూ క్షయవ్యాధి వైద్యంలో పుట్టాయి. క్షయకు మందులు రాగానే అవి మరుగునపడ్డాయి. మళ్లీ కెమెరాతో పాటు తిరిగి వచ్చాయి. ఈ రాకపోకలకు తెలుగు నేలతో ఉన్న సంబంధం ఏమిటి, తిరిగి వచ్చిన విద్య ఇక్కడి రోగికి ఎంతవరకు అందుతున్నది అన్నవి ఈ వ్యాస విషయాలు.

ఊపిరిని కనిపెట్టడం

ఛాతీ శస్త్రచికిత్సకు పునాది కత్తి కాదు, మత్తు. ఈ విషయంలో జంటనగరాలకు ప్రపంచ వైద్యచరిత్రలో చోటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో రెసిడెన్సీ సర్జన్‌గానూ, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగానూ ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్‌ను నిర్వహించాడు. దాని ఫలితాలను లండన్ నుండి వెలువడే 'లాన్సెట్' పత్రిక సందేహించింది. దానితో నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1889లో రెండవ కమిషన్ ఏర్పడింది. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చాడు. వందలాది జంతువులపై జరిగిన ప్రయోగాల అనంతరం కమిషన్ ఇచ్చిన తీర్పు ఇది: క్లోరోఫారం వల్ల ముందు ఆగేది శ్వాస, తర్వాతనే గుండె, కనుక మత్తు ఇచ్చేవారు నాడిని కాక ఊపిరిని కనిపెట్టుకొని ఉండాలి.

ఈ తీర్పులో సగమే నిలిచింది. క్లోరోఫారం నేరుగా గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. గుండెకు భయం లేదన్న లారీ పట్టుదల పొరపాటు. అయితే శ్వాసను క్షణక్షణం గమనించాలన్న హైదరాబాదు పాఠం మాత్రం మత్తువైద్యంలో స్థిరపడింది. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ స్త్రీలలో తొలి మత్తువైద్యురాలిగా ప్రసిద్ధురాలు. మత్తు మరణాల లెక్క తేల్చడానికి ఒక సంస్థానం సొంత ధనాన్ని ఖర్చుపెట్టి అంతర్జాతీయ సంఘాన్ని పిలిపించిందన్న సంగతి, రోనాల్డ్ రాస్ 1897లో ఇక్కడ చేసిన మలేరియా పరిశోధనకు దక్కిన ప్రచారంలో పదోవంతు కూడా పొందలేదు.

తెరిచిన ఛాతీలో ఊపిరితిత్తిని ఉబ్బి ఉంచడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం యూరప్ నుండే రావలసి వచ్చింది. 1904లో జావర్‌బ్రుఖ్ బ్రెస్లౌలో ఒక గదినే తయారుచేశాడు. రోగి తల గది బయట, మొండెమూ వైద్యులూ గది లోపల ఉండేవారు. లోపలి గాలి ఒత్తిడిని తగ్గించి ఊపిరితిత్తి ముడుచుకోకుండా ఆపేవారు. కొద్ది సంవత్సరాలలోనే శ్వాసనాళంలోకి గొట్టం వేసి గాలిని పంపే తేలిక పద్ధతి రావడంతో ఆ గది వస్తుప్రదర్శనశాల సరకయింది.

ఆరోగ్యవరం: ముడిచి నయం చేయడం

ఊపిరితిత్తి ముడుచుకుపోవడం అందరికీ ప్రమాదంగా కనబడుతున్న కాలంలో, ఇటలీకి చెందిన కార్లో ఫోర్లానినీ దానినే వైద్యంగా మార్చాడు. క్షయ సోకిన ఊపిరితిత్తిలో పడిన గుంతలు కదలిక వల్ల మానడం లేదనీ, ఆ పక్క ఛాతీలోకి సూదితో గాలిని ఎక్కించి తిత్తిని ముడిస్తే విశ్రాంతి దొరికి గుంత పూడుతుందనీ 1882లోనే ఆయన ప్రతిపాదించాడు. ఎక్కించిన గాలిని శరీరం పీల్చేసుకుంటుంది కాబట్టి, కొన్ని వారాలకొకసారి చొప్పున రెండు మూడేళ్లపాటు మళ్లీ మళ్లీ ఎక్కించవలసి వచ్చేది.

ఈ వైద్యంతో తెలుగు నేలకు పరిచయం కలిగించిన ప్రధాన కేంద్రం మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం. పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో చిన్నగా ఆరంభించిన యూనియన్ మిషన్ క్షయ ఆరోగ్యకేంద్రం 1915లో అక్కడికి మారింది. డెన్మార్కు నుండి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ దాని తొలి అధిపతి. పొడి గాలి, పుష్టికరమైన ఆహారం, నెలల తరబడి పడక, వాటికి తోడు గాలి ఎక్కించడం - ఇదీ నాటి వైద్యం. అక్కడ అధిపతిగా పనిచేసిన పి. వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు. స్వతంత్ర భారత క్షయ విధానం ఆరోగ్యవరం అనుభవాన్ని వెంటబెట్టుకొని ఢిల్లీ చేరిందనడం అతిశయోక్తి కాదు. నిజాం రాజ్యంలో వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలపై వెలసిన క్షయ ఆసుపత్రి కూడా ఇటువంటి ఆలోచన ఫలమే.

గాలి ఎక్కించే వైద్యానికి ఒక అడ్డంకి ఉండేది. క్షయ వల్ల ఊపిరితిత్తి పొర అక్కడక్కడ ఛాతీ గోడకు అతుక్కుపోయేది. అతుకు ఉన్నచోట తిత్తి ముడుచుకోదు, గుంత పూడదు. ఈ అతుకులను తెంచే ఉపాయాన్ని కనిపెట్టినవాడు శస్త్రవైద్యుడు కాదు. స్టాక్‌హోంలో సాధారణ వైద్యం చేసే హాన్స్ క్రిస్టియన్ జాకొబేయస్. మూత్రాశయంలోకి చూసే గొట్టాన్ని ఛాతీలోకి పంపి చూడవచ్చని 1910లో ఆయన ప్రకటించాడు. 1913 నాటికి ఒక రంధ్రంలో చూసే గొట్టం, మరో రంధ్రంలో కాల్చే తీగ పెట్టి అతుకులను తెంచసాగాడు. స్థానిక మత్తు, రెండు రంధ్రాలు, పక్కటెముకలు చెక్కుచెదరకుండా చేసిన పని - నేటి పాఠ్యగ్రంథాలలో కనిష్ఠ గాయ శస్త్రచికిత్సకు చెప్పే లక్షణాలన్నీ అప్పటికే ఉన్నాయి. లేనిది వెలుతురు. గొట్టం కొనన మినుకుమినుకుమనే బుడ్డి దీపం, ఒంటి కన్నుతో చూపు, నెత్తురు చిందితే ఆపే సాధనం లేకపోవడం - ఇన్ని పరిమితుల మధ్య ఆ విద్య కొద్దిమంది చేతులలోనే రాణించింది.

అతుకులు తెంచడానికి వీలుకాని రోగులకు మిగిలింది పక్కటెముకలను తొలగించి ఛాతీ గోడను లోనికి కుంగదీయడం. విడతలు విడతలుగా ఏడెనిమిది ఎముకలను తీసేవారు. బతికి బయటపడినవారి భుజం వాలిపోయేది, వెన్ను వంగేది. చిన్న రంధ్రం విలువ తెలియాలంటే దాని పక్కన ఈ కోతను ఉంచి చూడాలి.

మరుపు

1940ల మధ్యలో స్ట్రెప్టోమైసిన్, ఆ వెంటనే మరికొన్ని మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ రసాయనచికిత్సా కేంద్రం 193 మంది రోగులపై జరిపిన పోలికను 1959లో ప్రకటించింది. ఆరోగ్యకేంద్రంలో పడక మీద ఉన్నవారికీ, ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు మింగినవారికీ ఫలితాలు దాదాపు సమానమని తేలింది. ప్రపంచమంతటా క్షయ ఆరోగ్యకేంద్రాల అవసరాన్నే ప్రశ్నించిన పరిశోధన ఇది. మందు పనిచేస్తుంటే గాలి ఎక్కించడం ఎందుకు? గాలి అక్కర లేనప్పుడు అతుకులు తెంచడం ఎందుకు? జాకొబేయస్ పద్ధతి ఏ వైఫల్యం వల్లా పోలేదు. దాని పని తీరిపోయింది. యూరప్‌లో కొద్దిమంది శ్వాసకోశ వైద్యులు రోగ నిర్ధారణ కోసం దానిని కాపాడుకున్నారు.

ఇదే కాలంలో పెద్ద కోతతో చేసే ఛాతీ శస్త్రచికిత్స పరిణతి చెందింది. 1933లో సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని పూర్తిగా ఒకేసారి తొలగించాడు. ఆ రోగి కూడా వైద్యుడే. తర్వాత మూడు దశాబ్దాలు జీవించాడు. గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తి క్యాన్సర్‌తోనే మరణించాడు. ఆయన చాలా ఏళ్లు పొగతాగినవాడు. మన దేశంలో 1949లో రీవ్ బెట్స్ నాయకత్వంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఛాతీ శస్త్రచికిత్సా విభాగం ఏర్పడింది. నాటి విభాగాలకు రోగులను పంపింది ప్రధానంగా క్షయే. తర్వాతి దశాబ్దాలలో గుండె శస్త్రచికిత్స పెరిగి పెద్దదై ఛాతీ విభాగాన్ని తన నీడలోకి తీసుకుంది. నేటికీ మన వైద్య కళాశాలల్లో ఈ శాఖల పేరు 'కార్డియో థొరాసిక్'. పేరులో ఛాతీ రెండవ స్థానంలో ఉంది. పని పట్టికలో తరచు అంతకంటే వెనుకనే ఉంటుంది.

తిరిగి రాక

పాత ఆలోచనను తిరిగి తెచ్చినవి మూడు సాధనాలు. మూడింటికీ వేరువేరు చరిత్రలున్నాయి. మొదటిది చూపు. హెరాల్డ్ హాప్కిన్స్ 1959 ప్రాంతంలో రూపొందించిన గాజు కడ్డీల దూరదర్శిని లోపలి దృశ్యాన్ని ఎన్నో రెట్లు కాంతివంతంగా బయటికి తెచ్చింది. 1980లలో చిన్న కెమెరా దానికి జతపడింది. ఈ జతతో మారింది స్పష్టత ఒక్కటే కాదు. అంతవరకు ఒకరి కంటికే పరిమితమైన దృశ్యం తెరమీదకు వచ్చి సహాయకుడికి, మత్తువైద్యుడికి, విద్యార్థికి కూడా కనిపించసాగింది. ఒకరు కెమెరా పట్టుకుంటే మరొకరు రెండు చేతులా పని చేయడం అప్పుడే సాధ్యమైంది.

రెండవది స్టేప్లర్. ఊపిరితిత్తి రక్తనాళాన్ని, శ్వాసనాళ శాఖను చిన్న రంధ్రం గుండా ముడివేయడం కష్టం, ముడి జారితే ప్రాణాపాయం. సోవియట్ ఇంజనీర్లు 1950లలో లోహపు కుట్లు వేసే యంత్రాలను చేశారు. 1958లో అమెరికన్ శస్త్రవైద్యుడు మార్క్ రావిచ్ కీవ్‌లో అమోసోవ్ శ్వాసనాళాన్ని ఆ యంత్రంతో మూయడం చూసి, ఆ విద్యను తన దేశానికి తీసుకుపోయాడు. 1990 ప్రాంతంలో పొడవైన సన్నని మెడ కలిగి, ఒకేసారి రెండు వైపులా కుట్టి మధ్యలో కోసే రూపం వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధపు రెండు పక్షాల చేతుల మీదుగా వచ్చిన ఈ పనిముట్టు లేనిదే నేటి రంధ్ర శస్త్రచికిత్స లేదు.

మూడవది రెండు దారుల శ్వాస గొట్టం. ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి, మరొకదానితో మనిషిని బతికించి ఉంచడం దీని పని. స్వీడన్‌లో కార్లెన్స్ దీనిని 1949లో తయారుచేసింది శస్త్రచికిత్స కోసం కాదు. రెండు ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని విడివిడిగా కొలవడానికి. మరుసటి ఏడాదే క్షయ రోగుల శస్త్రచికిత్సలో, ఒక పక్క కఫం రెండవ పక్కకు పారకుండా ఆపడానికి వాడారు. క్షయకై పుట్టిన గొట్టం క్యాన్సర్ కాలంలో అక్కరకు వచ్చింది. పక్కటెముకలను విడదీయకుండా తిత్తిని ముడిచి ఉంచితే తప్ప కెమెరాకు చోటు దొరకదు. ఫోర్లానినీ నెలల తరబడి నిలిపిన ముడుత ఇప్పుడు రెండు మూడు గంటలు నిలిస్తే చాలు.

ఈ మూడూ కలిసిన చోట 1991లో మిలాన్‌లో రొవియారో కెమెరా సాయంతో ఊపిరితిత్తి భాగాన్ని తొలగించాడు. ఈ పద్ధతికి 'వ్యాట్స్' అన్న పొట్టి పేరు స్థిరపడింది. 2010లో స్పెయిన్‌లోని లా కొరూన్యాలో గొంజాలెజ్ రివాస్ బృందం అదే పనిని ఒకే రంధ్రంతో చేసింది. 2000లో అమెరికాలో అనుమతి పొందిన దా విన్చీ రోబో పద్ధతి మణికట్టులా తిరిగే కొనలనూ, లోతు తెలిపే దృశ్యాన్నీ ఇచ్చింది.

లాభమెంత అన్న ప్రశ్నకు సమాధానం ఆలస్యంగా వచ్చింది. బ్రిటన్‌లో తొమ్మిది కేంద్రాలలో 503 మందిపై జరిగిన పరీక్ష 2022లో వెలువడింది. చిన్న రంధ్రాల పద్ధతిలో నొప్పి తక్కువ, ఆసుపత్రి బస ఒక రోజు తక్కువ, ఐదు వారాల తర్వాత శరీర సామర్థ్యం మెరుగు. క్యాన్సర్ తొలగింపు నాణ్యతలో లోటు లేదు. రోబో విషయంలో ఇంత నిశ్చయం లేదు. షాంఘైలో 320 మందిపై జరిగిన పోలికలో స్వల్పకాలిక ఫలితాలు వ్యాట్స్‌తో ఇంచుమించు సమానంగానే ఉన్నాయి, ఖర్చు మాత్రం పెరిగింది. ఈ తేడాను ప్రకటనలు ప్రస్తావించవు. చరిత్రకారుడు ప్రస్తావించక తప్పదు.

సికింద్రాబాదు: పాత వ్యాధి, కొత్త పనిముట్లు

దండు పట్టణంగా పుట్టిన సికింద్రాబాదులో వైద్యానికి రెండు ముఖాలున్నాయి. రైల్వే స్టేషన్ ఎదుట ఉండిన కింగ్ ఎడ్వర్డ్ స్మారక ఆసుపత్రి 1958లో గాంధీ ఆసుపత్రి అయి, 2003లో ముషీరాబాదు పాత జైలు స్థలానికి తరలింది. 2000ల తర్వాత ప్యారడైజ్, మినిస్టర్ రోడ్డు పరిసరాల్లో ప్రైవేటు ఆసుపత్రులు ఎదిగాయి. ఆదిలాబాదు నుండో, కర్నూలు నుండో రైలు దిగి వచ్చే రోగికి ఈ రెండు ముఖాల మధ్య దూరం మూడు నాలుగు కిలోమీటర్లే. ఖర్చులో దూరం లెక్కకు అందనంత.

ఇక్కడి శస్త్రవైద్యుడికి ఎదురయ్యే ఛాతీ, మిలాన్‌లోనో షాంఘైలోనో తెరిచే ఛాతీ వంటిది కాదు. ప్రపంచ క్షయ రోగులలో సుమారు నాలుగోవంతు భారతదేశంలోనే ఉన్నారు. క్షయ మానినా దాని గుర్తులు మానవు. పైభాగంలో ఎండిన గుంత, ఆ గుంతలో పెరిగే శిలీంధ్రపు ముద్ద, పొరలో గడ్డకట్టిన చీము, సున్నంలా గట్టిపడి రక్తనాళాన్ని పట్టుకున్న గ్రంథులు. జాకొబేయస్ తెంచిన ఆ అతుకులే ఇప్పుడు కెమెరా ముందు గోడలా నిలుస్తాయి. క్యాన్సర్ గడ్డ చిన్నదే అయినా దాని చుట్టూ ఉన్న పాత క్షయ కారణంగా రంధ్ర పద్ధతిని వదిలి ఛాతీని పెద్దగా తెరవవలసిన సందర్భాలు వస్తాయి. దానిని ఓటమిగా లెక్కించడం సరికాదు. రక్తనాళం చిట్లే దాకా ఆగకుండా ముందుగానే తెరిచే నిర్ణయం నేర్పులో భాగమే. పాశ్చాత్య గణాంకాలతో ఇక్కడి ఫలితాలను పోల్చే పరిశోధకులు ఈ భేదాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోవాలి.

ఛాతీలో చీము పట్టిన రోగిని గమనిస్తే కాలం విలువ తెలుస్తుంది. తొలి రోజులలో చీము నీళ్లలా ఉంటుంది, గొట్టం వేస్తే చాలు. తర్వాత అది సాలెగూడులా గదులు కడుతుంది. అప్పుడు కెమెరాతో శుభ్రం చేస్తే తిత్తి మళ్లీ విప్పారుతుంది. కొన్ని వారాలు దాటితే తోలులాంటి పొర తిత్తిని బిగిస్తుంది. అప్పుడు పెద్ద కోత తప్పకపోవచ్చు. పల్లె వైద్యుడి దగ్గర సూదులతో, పట్టణంలో స్కానింగ్ కోసం ఎదురుచూపులతో ఆ వారాలు గడిచిపోతాయి. రంధ్రమా కోతా అన్నది శస్త్రచికిత్సా గదిలో తేలకముందే, చాలామందికి దారిలోనే తేలిపోతున్నది.

ఇదే సికింద్రాబాదు 2020 సెప్టెంబరులో మరోరకంగా వార్తలకెక్కింది. గాంధీ ఆసుపత్రి పూర్తిగా కోవిడ్ రోగులకు కేటాయింపబడి ఉన్న రోజులలో, కిమ్స్‌లో కోవిడ్ సోకిన ఒక రోగికి రెండు ఊపిరితిత్తులనూ మార్చిన శస్త్రచికిత్స జరిగింది. దేశంలో ఆ తరహా తొలి శస్త్రచికిత్సలలో అది ఒకటి. రెండు ఊపిరితిత్తుల మార్పిడికి సాధారణంగా ఛాతీని ఒక చివరి నుండి మరో చివరి వరకు అడ్డంగా తెరుస్తారు. అతి చిన్న రంధ్రమూ అతి పెద్ద కోతా ఒకే నగరంలో, ఒకే కాలంలో సాగాయి. సాంకేతికత ఒకే దిశలో నడుస్తుందన్న భావనను ఇటువంటి ఉదాహరణలు సవరిస్తాయి.

ఎవరికి అందుతున్నది?

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేద రోగి కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కడానికి వీలు కల్పించింది. అయితే ఒక్కో చికిత్సకు ఇంత మొత్తమని ముందే నిర్ణయించే పద్ధతికీ, రంధ్ర శస్త్రచికిత్స ఖర్చుకూ పొత్తు కుదరదు. స్టేప్లర్‌లో ఒక్కో కుట్టు వరుసకు ఒక కొత్త గుళిక కావాలి. ఒక శస్త్రచికిత్సలో అవి ఐదారు దాటవచ్చు. ఒకసారి వాడినవి మళ్లీ పనికిరావు. పెద్ద కోతలో దారంతో వేసే ముడికి ఖర్చు నామమాత్రం. అందువల్ల నొప్పి తక్కువ పద్ధతి ధర ఎక్కువ పద్ధతి కూడా అయింది. కూలి పని చేసుకునే మనిషికి నెల ముందుగా పనిలోకి వెళ్లగలగడమే అన్నిటికంటే పెద్ద లాభం. ఆ లాభం ఏ ప్యాకేజీ లెక్కలోనూ నమోదు కాదు. 2023లో హైదరాబాదులోని నిమ్స్‌లో రోబో శస్త్రచికిత్స మొదలు కావడం ప్రభుత్వ రంగానికి కొత్త అడుగే. కానీ ఛాతీ వరకు చూస్తే రోబో కంటే ముందుగా అవసరమైనవి స్టేప్లర్ గుళికలకు తగిన కేటాయింపు, గుండె నీడ నుండి వేరుపడి ఊపిరితిత్తి మీదనే పనిచేసే శిక్షణ.

మరో అడ్డంకి రోగ నిర్ధారణ. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ - క్షయకూ క్యాన్సర్‌కూ ఇవే గుర్తులు. క్షయ ఎక్కువగా ఉన్న చోట మచ్చను చూసి క్షయ మందులు మొదలుపెట్టడం, నెలలు గడిచాక గాని క్యాన్సర్ అని తేలకపోవడం భారతీయ వైద్యులు తరచుగా నమోదు చేసిన విషయం. మన దేశంలో ఎక్కువమంది ఊపిరితిత్తి క్యాన్సర్ రోగులు ముదిరిన దశలోనే బయటపడుతున్నారు. చిన్న గడ్డలకై ఏర్పడిన సాంకేతికత ముందుకు పెద్ద గడ్డలు వస్తున్నాయి. రెండు సెంటీమీటర్లలోపు గడ్డలకు ఊపిరితిత్తి ఖండంలో కొంత భాగం తీస్తే చాలునని 1106 మందిపై జరిగిన జపాన్ పరీక్ష 2022లో చూపింది. అంత చిన్న గడ్డ సికింద్రాబాదు దాకా రావాలంటే దాన్ని ఎవరో ముందు చూసి ఉండాలి.

ఈ సందర్భంలో జాకొబేయస్ మళ్లీ గుర్తుకు వస్తాడు. కారణం తెలియకుండా ఛాతీలో నీరు చేరిన రోగికి శ్వాసకోశ వైద్యులే స్థానిక మత్తుతో, కొద్దిపాటి నిద్రమందుతో, ఒక రంధ్రం ద్వారా సగం వంగే గొట్టాన్ని పంపి, పొర నుండి చిన్న ముక్క తీసి అది క్షయో క్యాన్సరో తేలుస్తున్నారు. దీనికి రోబో అక్కర లేదు, స్టేప్లర్ అక్కర లేదు, రెండు దారుల గొట్టమూ అక్కర లేదు. 1910లో ఒక సాధారణ వైద్యుడు మొదలుపెట్టిన పని దాదాపు అదే రూపంలో, ఆయన వంటి శస్త్రవైద్యులు కాని వైద్యుల చేతిలోనే నేటికీ సాగుతున్నది; జిల్లా ఆసుపత్రి దాకా చేరగలిగినంత చౌకైన రంధ్రం ఇప్పటికి అదొక్కటే.